గుడారంలో మొదలైన చదువు

కాందిశీకులు అనగానే మనకు గుర్తొచ్చేది గుడారం, రేషను, దుప్పటి. పాలస్తీనా కాందిశీకుల చరిత్ర చదివితే రేషనుతోపాటు తాలీమ్, హునర్ కూడా ఎంత అవసరమో తెలుస్తుంది. అందుకే ఆ సంగతులు నాలుగు ఇక్కడ వ్రాస్తున్నాము.

1948లో ఏడు లక్షలమందికి పైగా పాలస్తీనా ప్రజలు ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకున్నారు. వారి కోసం ఐక్యరాజ్యసమితి 1949 డిసెంబరులో 'ఉన్‌రా' అనే సంస్థను నెలకొల్పింది. 1950 మే 1న అది పని మొదలుపెట్టింది. తొలి బళ్ళు చాలావరకు గుడారాల్లోనే నడిచాయి.

అయితే పొలం పోయిన రైతు కొడుకు పెద్దయ్యాక ఏం చేసి బ్రతకాలి? ఆ ప్రశ్నకు జవాబుగా 1953లో జెరూసలేం, రమల్లాల నడుమ కలందియాలో వృత్తి శిక్షణ కేంద్రం తెరిచారు. వడ్రంగం, వెల్డింగ్, కరెంటు పని, మోటారు మరమ్మతు నేర్పారు. 1962లో రమల్లాలో ఆడపిల్లల కోసం వేరే కేంద్రం వచ్చింది. టీచరు శిక్షణ, కుట్టుపని వంటివి అక్కడ నేర్చుకున్నారు. శిబిరంలో బ్రతికే తల్లిదండ్రులు ఆ రోజుల్లో కూతుర్ని దూరం పంపి చదివించారంటే మామూలు మాటా? తెలివైన పిల్లలకు విశ్వవిద్యాలయ చదువులకు వజీఫాలు కూడా దొరికాయి.

ఇలా తయారైన పనివారు, టీచర్లు ఎందరో కువైట్, సౌదీ వెళ్ళి శిబిరాల్లోని తమవారికి డబ్బు పంపారు. 1970ల నుండి మన తెలుగు జిల్లాల పిల్లలూ అదే గల్ఫ్ దారి పట్టారు. పని వచ్చినవాడికీ రానివాడికీ అక్కడ జీతంలో ఎంత తేడా ఉంటుందో మన ఇళ్ళలో అందరికీ ఎరుకే.

హునర్ ఒక్కటే అన్నీ తెచ్చిపెట్టదు. లెబనాన్‌లో చదువుకున్న పాలస్తీనావారికి కూడా అనేక ఉద్యోగాలు చట్టరీత్యా మూసివేశారు. 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక గాజాలో బళ్ళే తలదాచుకునే చోట్లయ్యాయి. 2024 జనవరిలో ఖాన్ యూనిస్ శిక్షణ కేంద్రం దాడికి గురై, అందులో ఆశ్రయం పొందినవారు పలువురు చనిపోయారు. పని నేర్పే చోటు పోతే ఒక తరం బ్రతుకుదెరువే పోతుంది.

మన సంఘం పెద్దలకు మా మనవి ఒక్కటే. కష్టంలో ఉన్న కుటుంబానికి బియ్యం తప్పక ఇద్దాం. ఆ ఇంటి పిల్లవాడికి ఫీజు కట్టి ఒక పని కూడా నేర్పిద్దాం. ఆ ఇంటి ఆడపిల్లను మాత్రం లెక్కలోంచి వదలవద్దు.