నాన్నకోసం ఒక పాట: ఒక జాజ్ రికార్డు వెనకనున్న చరిత్ర

సంగీతం గురించి మాట్లాడేటప్పుడు మనలో రెండు రకాల పొరపాట్లు జరుగుతూ ఉంటాయి. సంగీతానికి చరిత్రతో పనిలేదు, చెవికి ఇంపుగా ఉంటే చాలు అనటం ఒకటి. అమెరికానుంచి వచ్చిందల్లా సామ్రాజ్యవాదుల సరుకే, దాన్ని విని ఆనందించటం కూడా వాళ్ల వలలో పడటమే అనటం రెండోది. మొదటి పొరపాటు చేసేవాళ్లు పాటను, దాన్ని కన్న మనుషులనుంచి విడదీస్తారు. రెండో పొరపాటు చేసేవాళ్లు అమెరికాలోకూడా దోచేవాళ్లూ, దోపిడికి గురయేవాళ్లూ ఉన్నారన్న సంగతి మరిచిపోతారు. చిత్రమేమంటే ఈ రెండు పక్షాలవాళ్లూ చివరికి ఒకే పని చేస్తారు: పాట ఎక్కడినుంచి వచ్చిందో విచారించరు.

విచారిస్తే ఏం తేలుతుందో చూడటానికి ఒక్క రికార్డు తీసుకుంటాను. హొరేస్ సిల్వర్ అనే పియానో విద్వాంసుడు తన అయిదుగురు సభ్యుల బృందంతో చేసిన ఈ రికార్డును బ్లూ నోట్ కంపెనీ 1965లో విడుదల చేసింది. దాని పేరు ‘సాంగ్ ఫర్ మై ఫాదర్’. ‘మా నాన్నకోసం ఒక పాట’ అన్నమాట. ఆ కంపెనీ రికార్డుల్లో బాగా అమ్ముడుపోయినవాటిలో ఇదొకటి. 1974లో స్టీలీ డాన్ అనే రాక్ బృందం తమ పాట ఒకదానికి దీని ఎత్తుగడనే వాడుకున్నది. జాజ్ అంటే తలాతోకా తెలియని గోల అనుకునేవాళ్లుకూడా దీన్ని ఒకసారి వింటే మళ్లీ వింటామంటారు.

ఈ ఆకర్షణ ఎక్కడిది? మామూలుగా చెప్పే జవాబు: జాజ్‌లో ‘లాటిన్’ తాళం కలిపారు గనక అని. ఈ జవాబు అబద్ధం కాదు గాని, దానివల్ల మనకు తెలిసేదేమీ లేదు. ‘లాటిన్’ అన్నది రికార్డులు అమ్మేవాళ్లకు అనువైన మాట. ఆ ఒక్కమాట కింద ఏయే దేశాల మనుషులున్నారో, వాళ్లు ఎందుకు ఇల్లు విడిచి వచ్చారో కనపడదు.

ముందు పాటను విందాం. బాస్ వాద్యమూ, పియానోలో ఎడమచేతి స్వరాలూ కలిసి రెండే మెట్లమీద, షడ్జమానికీ పంచమానికీ మధ్య, ఆగి ఆగి నడవటం మొదలుపెడతాయి. ఆ నడక మన కాళ్లకు అలవాటయాక ట్రంపెటూ, టెనార్ శాక్సఫోనూ జంటగా పాట ఎత్తుకుంటాయి. ఒక భాగాన్ని రెండుసార్లు పాడి, ఇంకో భాగాన్ని ఒకసారి అందుకుంటాయి. అంతా కలిసి 24 ఆవర్తాలు. కింద పియానోలో స్వరాల గుత్తులు మెట్లు దిగుతున్నట్టు దిగుతాయి. పైన బ్రెజిల్‌నుంచి వచ్చిన బోసా నోవా లయ, లోపల అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్. అయితే పాటలోని దిగులు ఈ రెంటిలో దేనిదీ కాదు. ఆ దిగులు ఎక్కడిదో తెలియాలంటే ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న కేప్ వెర్డ్ దీవులకు వెళ్లాలి.

పదిహేనో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు వచ్చేనాటికి ఆ దీవుల్లో జనం లేరు. వాళ్లు 1462లో సాంతియాగో దీవిలో ఊరు కట్టారు. ఆఫ్రికా ప్రధాన భూభాగంనుంచి బానిసలను తెచ్చారు. దీవులను బానిసల వర్తకానికి మజిలీ చేశారు. అక్కడినుంచి అమెరికా ఖండాలకు, వాటిలో తమ వలస అయిన బ్రెజిల్‌కుకూడా, మనుషులను సరుకులాగా ఎగుమతి చేశారు. వానలు సరిగా పడని ఆ నేలమీద కరువు తరవాత కరువు వచ్చింది. 1940లలో వచ్చిన రెండు కరువుల్లోనే పదులవేలమంది చనిపోయారు. ఆ రోజుల్లో పోర్చుగల్‌ను పాలించినది సలజార్ ఫాసిస్టు ప్రభుత్వం. తిండిలేనివాళ్లకు ఆ ప్రభుత్వం చూపించిన దారి సావో తోమే దీవి కోకో తోటల్లో కాంట్రాక్టు కూలి. పేరుకు కాంట్రాక్టు, నిజానికి వెట్టి.

రెండో దారి సముద్రం. అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ మొదలైన రేవులనుంచి తిమింగలాల వేటకు బయలుదేరిన ఓడలు ఈ దీవుల దగ్గర ఆగి, చవకగా దొరికే నావికులను ఎక్కించుకునేవి. ఆ ఓడలమీద వెళ్లినవాళ్లూ, వాళ్ల వెనక వెళ్లినవాళ్లూ మసాచుసెట్స్ క్రాన్‌బెర్రీ తోటల్లో కూలీలయారు, రేవుల్లో బరువులు మోశారు, మిల్లుల్లో చేరారు. ఆఫ్రికానుంచి సంకెళ్లు లేకుండా అమెరికాకు చెప్పుకోదగిన సంఖ్యలో వచ్చిన మొదటివాళ్లలో వీళ్లున్నారు. సంకెళ్లు లేవు, ఆకలి ఉంది. దాన్ని స్వేచ్ఛ అనాలా వద్దా అన్నది పాఠకులే ఆలోచించుకోవచ్చు. ఈ వలస జనం పాటకు మోర్నా అని పేరు. దానిలో ‘సొదాద్’ అనే మాట పదేపదే వస్తుంది. విడిచివచ్చిన ఊరిమీదా, తిరిగిరాని మనిషిమీదా బెంగ అని దాని అర్థం.

ఇలా వచ్చినవాళ్లలో ఒకడు మాయో అనే చిన్న దీవికి చెందిన జాన్ తవారెస్ సిల్వా. అమెరికాలో సిల్వా కాస్తా సిల్వర్ అయింది. కనెక్టికట్ రాష్ట్రంలోని నార్వాక్ ఊళ్లో టైర్ల ఫ్యాక్టరీలో ఆయన కార్మికుడు. 1928లో హొరేస్ పుట్టాడు. అతనికి తొమ్మిదేళ్లప్పుడు తల్లి చనిపోయింది. తండ్రికి సంగీతం ఎవరూ నేర్పలేదు. వినికిడితోనే ఫిడేలు, గిటారు, మాండొలిన్ వాయించేవాడు. శనివారం రాత్రుళ్లు చుట్టాలూ స్నేహితులూ చేరితే వంటగదే నాట్యశాల అయేది. వారమంతా యంత్రాల దగ్గర నిలబడిన మనుషులు ఆ రాత్రి తమ దీవుల పాటలు వాయించుకుని ఆడేవాళ్లు.

కొడుకు ఆ పాటలు వింటూ పెరిగాడు. కాని అతని మనసు ఇంకోచోట చిక్కుకున్నది. పదీ పదకొండేళ్లప్పుడు అతను జిమ్మీ లన్స్‌ఫర్డ్ జాజ్ బృందాన్ని విన్నాడు. నల్లవాళ్లకు ప్రవేశం లేని డాన్సు హాలు అది. వాయించేవాళ్లు నల్లవాళ్లు; లోపల ఆడేవాళ్లు తెల్లవాళ్లు; ఆ నల్ల పిల్లవాడు బయట నిలబడి చెక్కల సందుల్లోంచి చూశాడు. తానూ సంగీతకారుడు కావాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. తరవాత తండ్రి ఎన్నోసార్లు అడిగాడట, మన పాటలను నీ జాజ్‌లోకి తీసుకోరాదా అని. కొడుక్కి ఆ ఆలోచన రుచించలేదు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. వలస వచ్చినవాడి కొడుక్కి తండ్రి యాసా, తండ్రి పాటా పాతబడినట్టు కనిపిస్తాయి. అవి తనను వెనక్కి లాగుతాయని భయం వేస్తుంది. ఈ భయం ఒక్క అమెరికాలోనే లేదు.

కొడుకు తండ్రి పాట దగ్గరికి తిన్నగా రాలేదు, బ్రెజిల్‌మీదుగా చుట్టుతిరిగి వచ్చాడు. 1964 మొదట్లో అతను రియో నగరానికి వెళ్లి, అక్కడి సంగీతకారులతో కొద్దివారాలు గడిపాడు. బోసా నోవా అప్పటికి ఆరేడేళ్ల వయసుది. నల్లజాతి పేదల సాంబాను మధ్యతరగతి యువకులు తమ గదుల్లో కూర్చుని మెత్తగా, చిన్నగొంతుతో పాడుకోగా పుట్టినది అది. ఆ యువకుల్లో అందరూ సముద్రతీరపు అందాలతో తృప్తిపడలేదు. కార్లోస్ లీరావంటివాళ్లు విద్యార్థి సంఘపు ప్రజా సంస్కృతి కేంద్రంలో చేరి పాటను జనం బాధలవైపు తిప్పారు. సిల్వర్ వెళ్లిన ఏడాదే, మార్చి 31న సైన్యం తిరుగుబాటు చేసి ప్రభుత్వాన్ని కూలదోసింది. మర్నాడు ఆ విద్యార్థి సంఘం భవనం తగలబడింది. అదే ఏడాది అమెరికాలో బోసా నోవా అంటే సముద్రపు ఒడ్డున నడిచివెళ్లే ఒక అందగత్తె పాటగా మాత్రమే లక్షలాదిమందికి తెలిసింది. మార్కెట్టు దేన్ని తీసుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

సిల్వర్ ఇంటికి తిరిగివచ్చి పియానోముందు కూర్చుని, ఆ లయలో ఒక పాట కట్టటానికి ప్రయత్నించాడు. స్వరాలు దొరికాయి, విని చూసుకుంటే అవి బ్రెజిల్‌వి కావు, చిన్నప్పుడు వంటగదిలో విన్నవి. ఇది కాకతాళీయం కాదు. బ్రెజిల్‌కూ కేప్ వెర్డ్‌కూ మధ్య ఉన్న చుట్టరికం పోర్చుగీసు బానిస ఓడలు కలిపిన చుట్టరికం. ఒకే సముద్రంమీద, ఒకే యజమాని కింద నలిగిన జనాల పాటలు ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. 1964 అక్టోబరు 26న ఆ పాటను రికార్డు చేశారు. ట్రంపెట్ కార్మెల్ జోన్స్, శాక్సఫోన్ జో హెండర్సన్, బాస్ టెడ్డీ స్మిత్, డ్రమ్స్ ఇరవయ్యేళ్ల రాజర్ హంఫ్రీస్. రికార్డు అట్టమీద సంగీతకారుడి బొమ్మ లేదు. టోపీ పెట్టుకుని, చుట్ట పట్టుకున్న తండ్రి బొమ్మ ఉంది. ఫ్యాక్టరీ కార్మికుడి ముఖం జాజ్ రికార్డు అట్టమీదికి ఎక్కటం చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. ఇంత సులువుగా జనానికి ఎక్కే సంగీతం మార్కెట్టుకోసం తయారైన సరుకు కాక మరేమిటి అనవచ్చు. జర్మన్ మార్క్సిస్టు అడోర్నో 1936లోనే జాజ్‌మీద ఈ అభియోగం తెచ్చాడు: జాజ్‌లో కనిపించే స్వేచ్ఛ పైపూత, లోపల మారని తాళం, అచ్చుపోసిన భాగాలు అని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఈ రికార్డు విజయం తరవాత జాజ్ కంపెనీలు ఇలాంటి ఎత్తుగడలకోసమే వెతికాయి. బ్లూ నోట్ సంస్థనే 1965లో ఒక పెద్ద కంపెనీ కొనేసింది. కాని అడోర్నో సరుకును చూశాడేగాని చేసిన చేతులను చూడలేదు. 1955లో సిల్వర్ ‘ది ప్రీచర్’ అనే పాట చేస్తే, అది మరీ పాతకాలపు బాణీలో ఉందని కంపెనీ యజమానే దాన్ని వదిలేద్దామన్నాడు, సిల్వర్ పట్టుపట్టాడు. చర్చిపాటల సరళత్వం మార్కెట్టు అడిగి చేయించుకున్నది కాదు, నల్లజాతి జనం దగ్గరినుంచి తెచ్చుకున్నది. సరళత్వం రెండు రకాలు. వినేవాణ్ణి తక్కువవాడుగా ఎంచటంవల్ల వచ్చేది ఒకటి, వినేవాళ్ల మధ్య పుట్టి పెరగటంవల్ల వచ్చేది ఒకటి. కష్టంగా ఉన్నదే గొప్ప కళ అనేవాళ్లూ, సులువుగా ఉన్నదే ప్రజాకళ అనేవాళ్లూ ఈ భేదాన్ని గమనించరు.

అయితే ఈ రికార్డును నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఇందులో ‘కలకత్తా క్యూటీ’ అనే రచన ఒకటుంది. ‘కలకత్తా సొగసుకత్తె’ అనుకోవచ్చు. వినటానికి బాగానే ఉంటుంది. కాని తండ్రి దీవికి ఒక మనిషి ముఖం ఇచ్చిన సంగీతకారుడికి, కలకత్తా ఒక సువాసన మాత్రమే అయింది. 1943 కరువులో జనం వీధుల్లో పడి చచ్చిన నగరం ఆ పాటలో లేదు. ఎవరి చరిత్ర మనకు ఇంట్లోనే తెలుస్తుందో వాళ్లు మనకు మనుషులు. తెలియనివాళ్లు వింత వస్తువులు. వలసపాలన కల్పించిన ఈ చూపు దాని బాధితులకుకూడా అంటుకుంటుంది. ఇంకో రచన పేరు ‘నేటివ్స్ ఆర్ రెస్ట్‌లెస్ టునైట్’, అంటే ‘ఈ రాత్రి నేటివులు అల్లరిగా ఉన్నారు’. ఇది తెల్లదొరల కథల్లోనూ సినిమాల్లోనూ అరిగిపోయిన మాట. ఒక నల్లవాడి చేతిలో పడి అది వేళాకోళం అయింది. నిజానికి ఆ 1964లో ‘నేటివులు’ అల్లరి చెయ్యటం లేదు, యుద్ధం చేస్తున్నారు. గినీ అడవుల్లో పోర్చుగీసు సైన్యంమీద సాయుధపోరాటం 1963లో మొదలయింది. దాని నాయకుడు అమిల్కార్ కబ్రాల్ కేప్ వెర్డ్ తల్లిదండ్రుల బిడ్డ.

సంస్కృతి గురించి కబ్రాల్ చాలా ఆలోచించాడు. 1970లో అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, జనం సంస్కృతి బతికి ఉన్నంతకాలం పరాయిపాలన నిశ్చింతగా ఉండలేదన్నాడు. పరాయిచదువు చదివిన మధ్యతరగతివాడు తన మూలాలకు తిరిగిరావటాన్ని గురించి 1972లో మాట్లాడుతూ ఇంకో మెట్టు ముందుకు వెళ్లాడు: తిరిగిరావటమే పోరాటం కాదు, జనంతో కలిసి నిలబడితేనే దానికి అర్థం ఉంటుందని. 1973 జనవరి 20న ఆయన్ను హత్య చేశారు. 1975 జులై 5న కేప్ వెర్డ్ స్వతంత్రమయింది.

కబ్రాల్ కొలబద్దతో కొలిస్తే సిల్వర్ పాట పోరాటం కాదు. అది తిరిగిరావటం మాత్రమే. దాన్ని విప్లవగీతమనటం మనల్ని మనం మోసగించుకోవటమే అవుతుంది. కాని తిరిగిరావటం విలువలేనిదికూడా కాదు. టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక దీవివాసి చదువురాని సంగీతం, అతని కొడుకే వద్దనుకున్న సంగీతం, ప్రపంచమంతా తిరిగింది. సిల్వర్ 2014లో చనిపోయాడు, పాట ఉంది. దాని తీపికి మనం చెవి ఇవ్వవచ్చు, సంకోచం అక్కర్లేదు. అయితే ఆ తీపి కింద మెట్టు మెట్టుగా దిగే దిగులును కూడా వినాలి. అది ఒక మనిషి దిగులు కాదు. కరువుకూ, ఓడకూ, ఫ్యాక్టరీకీ మధ్య బతికిన ఒక జాతి దిగులు.