పాలిటెక్నిక్ డిప్లొమా, ఇంజినీరింగ్ డిగ్రీ

పదో తరగతి తర్వాత మూడేళ్లు చదివితే వచ్చేది పాలిటెక్నిక్ డిప్లొమా. ఒకటి రెండు శాఖల్లో ఇది మూడున్నరేళ్లు. ఇంటర్మీడియెట్ తర్వాత నాలుగేళ్లు చదివితే వచ్చేది ఇంజినీరింగ్ డిగ్రీ. మొదటిదాన్ని రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి ఇస్తుంది, రెండోదాన్ని విశ్వవిద్యాలయం. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు విశ్వవిద్యాలయాలకు, ఆ హోదా పొందిన సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. డిప్లొమా అనే మాటకు ఇంతటి చట్టరక్షణ లేదు.

ఈ రెంటి మధ్య గీత మొదట పడింది తరగతి గదిలో కాదు, పబ్లిక్ వర్క్స్ శాఖలో. 19వ శతాబ్దపు మధ్యలో కాలువలు, రోడ్లు, వంతెనల పనులు పెరగడంతో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వానికి రెండు రకాల మనుషులు కావలసి వచ్చారు: అంచనాలు, నమూనాలు తయారుచేసే ఇంజినీర్లు, పని దగ్గర నిలబడి కొలతలు తీసి కూలీల చేత చేయించే ఓవర్సీర్లు. 1847లో మొదలైన రూర్కీ కళాశాలలో ఇంజినీరు తరగతి వేరు, సబార్డినేట్ తరగతులు వేరు. 1794 నాటి సర్వే పాఠశాల నుంచి ఎదిగిన మద్రాసు గిండీ కళాశాల కూడా ఇటు పట్టభద్రులను, అటు కింది ఉద్యోగులను తయారుచేసింది. చదువును బట్టి హోదా ఏర్పడిందనడం కంటే, హోదాల కోసమే చదువును రెండుగా కోశారనడం సబబు.

తెలుగు నేలపై ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల 1929లో వచ్చింది. కోస్తాలో ఆంధ్రా పాలిటెక్నిక్ 1946లో కాకినాడలో ఏర్పడగా, విశాఖపట్నం పేరుతో అదే ఏడాది ఆరంభమైన ఇంజినీరింగ్ కళాశాల కూడా చివరకు కాకినాడలోనే స్థిరపడింది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఆ కళాశాల అందులో భాగమైంది. పాలిటెక్నిక్‌లు మాత్రం విశ్వవిద్యాలయాల గొడుగు కిందికి రాలేదు. బ్రిటన్‌లో 1992 చట్టం తర్వాత పాలిటెక్నిక్‌లే విశ్వవిద్యాలయాలుగా మారాయి. అయితే అక్కడివి అప్పటికే డిగ్రీ స్థాయి చదువు చెబుతున్నవి గనుక, పేరు ఒకటే అయినా పోలిక అంతగా కుదరదు.

డిప్లొమా పాఠ్యక్రమం వర్క్‌షాపు, డ్రాయింగు, సర్వే, ప్రయోగశాలల చుట్టూ తిరుగుతుంది. పరిశ్రమలో శిక్షణ కూడా అందులో భాగమే. డిగ్రీలో గణితం, సిద్ధాంతం, డిజైన్‌ల బరువు ఎక్కువ. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి పట్టభద్రులను, డిప్లొమాదారులను ఇద్దరినీ దాని పరిధిలోకి తెచ్చారు. స్టైపెండ్ మాత్రం వేర్వేరు.

డిప్లొమా నుంచి డిగ్రీకి దారి చాలాకాలం సన్నగానే ఉండేది. పగలు ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు చదువుకున్నవారికి 1920లో స్థాపితమైన ఇంజినీర్ల సంస్థ నిర్వహించే ఏఎంఐఈ పరీక్షలు ఆధారం. సెక్షన్ ఎ, సెక్షన్ బి రెండూ గట్టెక్కితే ప్రభుత్వ ఉద్యోగాలకు దాన్ని డిగ్రీతో సమానంగా చూసేవారు. తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే వీలు కలిగింది. లెక్క చూస్తే పదో తరగతి తర్వాత ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. లేదా డిప్లొమా మూడేళ్లు, బీటెక్ మూడేళ్లు. ఎటు వెళ్లినా ఆరేళ్లే. రెండో దారిలో మధ్యలో ఆగినా చేతిలో ఒక ఉద్యోగార్హత ఉంటుంది గనుక ఖర్చుకు వెనుకాడే కుటుంబాలకు అది ధీమా. ఈసెట్ 200 మార్కుల్లో సగం ఇంజినీరింగ్ సబ్జెక్టుకు, 50 గణితానికి, మిగిలినవి భౌతిక, రసాయన శాస్త్రాలకు. ఇలా చేరినవారికి ప్రయోగశాల పని కొట్టిన పిండే. బీటెక్ మొదటి ఏడాది గణితం చదవకుండా వచ్చిన లోటు మాత్రం రెండో ఏడాదిలో తగులుతుంది. ఈ దారి తెరుచుకున్నాక డిప్లొమా స్వభావమే మారింది. ఉద్యోగానికి చదివే చదువు కాస్తా చాలామందికి బీటెక్‌కు మెట్టయింది.

కొలువుల్లో పాత అంతరం ఇంకా కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ శాఖల్లో అసిస్టెంట్ ఇంజినీర్ పోస్టుకు కనీస అర్హత డిప్లొమా, అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ పోస్టుకు డిగ్రీ. డిప్లొమా అడిగిన పోస్టుకు డిగ్రీ ఉన్నవారు అర్హులా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేరళ విద్యుత్ బోర్డు సబ్ ఇంజినీరు పోస్టుల కేసులో కోర్టు అక్కడి నిబంధనలను ఆధారం చేసుకుని, పై అర్హతలో కింది అర్హత ఇమిడి ఉంటుందన్న వాదనను అంగీకరించింది. జమ్మూ కశ్మీర్ టెక్నీషియన్ పోస్టులకు ఐటీఐ అర్హత అడిగిన కేసులో మాత్రం, డిప్లొమా ఉన్నంత మాత్రాన ఐటీఐ ఉన్నట్టు భావించలేమని 2018లో చెప్పింది. నిబంధనల్లో ఆ సమానత్వం రాసి ఉంటే తప్ప ఏ అర్హత సరిపోతుందో తేల్చవలసింది నియామక అధికారే.