యూజ్‌లిబ్: 33 ఏళ్లు నిలిచిన 86వ నంబరు

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను తిప్పలు పెట్టింది. ‘జ్ఞ’కూ దాని దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేరి వస్తే, ఆ మెసేజ్ చూపించబోయిన యాప్ ఠక్కున మూతపడేది. వాట్సాప్ అయినా, ఆపిల్ సొంత మెసేజెస్ అయినా అంతే. చేసినవాళ్లు వేరైనా పడిపోయిన తీరు ఒక్కటే. తెర మీద అక్షరాలు పేర్చే పనిని అవన్నీ కోర్‌టెక్స్ట్ అనే ఒకే లైబ్రరీకి అప్పగించాయి మరి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ ఆ ఒక్కచోట సరిచేయగానే బాధ తీరింది.

ఒకసారి రాసిన కోడ్‌ను వంద ప్రోగ్రాములు కలిసి వాడుకోవడమే ఉమ్మడి లైబ్రరీ. మేలు అందరికీ అందుతుంది, లోపమూ అందరికీ అంటుకుంటుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఈ ఏర్పాటు మొదలుపెట్టింది 1992 జనవరిలో, 0.12 వెర్షన్‌తో. అందుకు వాడిన సిస్టమ్ కాల్ (సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌ను ప్రోగ్రాం పని అడిగే పిలుపు) పేరు యూజ్‌లిబ్, నంబరు 86.

అప్పట్లో మెమరీకి కటకట. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దగ్గరున్న 386 మెషీన్‌లో ఉన్నది 4 ఎంబీ ర్యామ్. 2 ఎంబీతో నెట్టుకొస్తున్న జర్మనీ వినియోగదారుడి కోసం, మెమరీలో పట్టని పేజీలను డిస్కుకు పంపే సౌకర్యాన్ని ఆయన 1991 క్రిస్మస్ రోజుల్లో రాశారు. అదీ 0.12లోనే వచ్చింది. అలాంటి చోట ప్రతి ప్రోగ్రామూ సీ లైబ్రరీ నకలును తన కడుపులో మోసుకు తిరిగితే గడిచేది కాదు.

ఆ తొలి యూజ్‌లిబ్‌ను ఇప్పుడు తెరిచి చూసినా ముచ్చటేస్తుంది. ఒక్కో ప్రాసెస్‌కు 64 ఎంబీ అడ్రసు స్థలం, అందులో చివరి 4 ఎంబీ లైబ్రరీకి. కాల్ రాగానే కెర్నల్ ఆ భాగంలోని పాత పేజీలను తుడిచేసి, ఇకపై ఈ ఫైలే లైబ్రరీ అని రాసుకునేది. అంతే. ఫైలు నుంచి ఒక్క బైటు కూడా అప్పుడే చదివేది కాదు. ప్రోగ్రాం ఆ చోటును ముట్టుకున్నప్పుడు, కావలసిన పేజీ మాత్రం తెచ్చేది. ఒక ప్రాసెస్‌కు ఒకటే లైబ్రరీ. లోపల ఉన్నది నిజంగా లైబ్రరీయేనా అన్న తనిఖీ కూడా లేదు. ఆ నాటికి అది చాలింది.

తర్వాత ఒకటికి పది లైబ్రరీలు వచ్చాయి. ఏ.అవుట్ అనే నాటి ఫైలు పద్ధతిలో, తాను మెమరీలో ఎక్కడ కూర్చోవాలో లైబ్రరీయే ముందుగా ఖరారు చేసుకుని వచ్చేది. రెండు లైబ్రరీలు ఒకే చోటు కోరితే పని చెడుతుంది. అందుకే వారపు సంతలో ఎవరి జాగా వారికి ముందే గీసి ఇచ్చినట్టు, ఏ లైబ్రరీకి ఏ అడ్రసో పట్టిక పెట్టుకోవలసి వచ్చింది. లైబ్రరీ పెరిగి తన జాగా దాటితే మళ్లీ చిక్కే.

ఆ చిక్కును విప్పింది 1995 ప్రాంతంలో లినక్స్‌లో స్థిరపడిన ఈఎల్ఎఫ్ పద్ధతి. ఇందులో లైబ్రరీని ఎక్కడ పెట్టినా పనిచేస్తుంది. లైబ్రరీలను వెతికి తెచ్చే బాధ్యత కెర్నల్ చేతిలోంచి ఎల్‌డీ.ఎస్‌ఓ అనే చిన్న ప్రోగ్రాంకు మారింది. అది ఎమ్‌మ్యాప్ అనే మామూలు కాల్‌తోనే పని కానిస్తుంది. ఊరి సెంటర్లో ప్రతి చేతిలోనూ కనబడే ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నలే. ఆ ఫోన్లో తెలుగు వార్త తెరిస్తే ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చేది హార్ఫ్‌బజ్ అనే ఉమ్మడి లైబ్రరీ. అందులో యూజ్‌లిబ్ ప్రమేయం ఏమీ లేదు.

అవసరం తీరినా కాల్ మాత్రం కెర్నల్‌లో ఉండిపోయింది. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదన్నది టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుకున్న నియమం. మంచి నియమమే, దానివల్లే లినక్స్ మీద అంత నమ్మకం. కానీ ఎవరూ తొంగిచూడని కోడ్‌కు కాపలా ఉండదు. 2005 జనవరి 7న పాల్ స్టార్జెట్జ్ అనే భద్రతా పరిశోధకుడు ఇందులో పెద్ద కన్నం బయటపెట్టారు. యూజ్‌లిబ్ దారిలో ఈఎల్ఎఫ్ లైబ్రరీని ఎక్కించే భాగం, మెమరీ పటాన్ని మార్చేటప్పుడు తాళం వేసుకోవడం లేదు. ఆ క్షణంలో అదే ప్రాసెస్‌లోని మరో థ్రెడ్ చొరబడితే, మెషీన్‌లో మామూలు ఖాతా ఉన్నవాళ్లు ఏకంగా అన్నిటి మీదా పెత్తనమిచ్చే రూట్ అధికారం చేజిక్కించుకోవచ్చు. 2.4, 2.6 కెర్నల్ వరుసలు రెండింటికీ ఈ ముప్పు తగిలింది. వాడేవాళ్లు దాదాపు లేని కాల్ వల్ల, దాని పేరు కూడా వినని వాళ్ల సర్వర్లు ప్రమాదంలో పడ్డాయి. దాన్ని అప్పుడే మూసేయాల్సింది.

మూయలేదు, కన్నం మాత్రం పూడ్చారు. 2014లో 3.15 వెర్షన్ నుంచి, కెర్నల్ తయారుచేసేవాళ్లు వద్దనుకుంటే యూజ్‌లిబ్‌ను వదిలేసే వీలు కల్పించారు. 2022లో ఎక్స్86 ప్రాసెసర్ల కెర్నల్ నుంచి ఏ.అవుట్ పద్ధతినే తొలగించారు. చివరికి 2025లో కెర్నల్ డెవలపర్ క్రిస్టియన్ బ్రౌనర్ యూజ్‌లిబ్ కోడ్‌ను పూర్తిగా తీసేశారు. జులైలో వచ్చిన 6.16లో అది లేదు. 64 బిట్ ఎక్స్86లో దానికి 134వ నంబరు కేటాయించారు గానీ, చాలాకాలంగా ఆ నంబరు వెనక కోడ్ లేదు.