కెల్వినేటర్‌వాళ్ల కారు హీటరు

కిందటి డిసెంబరులో డెట్రాయిట్‌లో మా తమ్ముడి కారెక్కాను. పది నిమిషాల్లో ముందద్దం లోపలివైపు తెల్లగా ఆవిరి పట్టేసింది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో టిష్యూ కాగితం. "ఈ హీటరు పాడైంది అన్నయ్యా" అన్నాడు. చెంపలకు సెగ కొడుతూనే ఉంది. మరి పాడైందేమిటి?

1893 నవంబరులో షికాగోకు చెందిన మార్గరెట్ విల్‌కాక్స్ 'కార్ హీటర్'కు పేటెంటు తీసుకుంది. మోటారు కారు హీటరుకు ఆద్యురాలు ఆవిడేనని చాలామంది రాస్తారు. నాకైతే నమ్మబుద్ధి కాదు. డ్యూరియా సోదరులు మసాచుసెట్స్‌లో తమ పెట్రోలు బండిని రోడ్డెక్కించింది ఆ ఏడు సెప్టెంబరులోనే. అప్పటి అమెరికాలో కార్ అంటే ముందుగా గుర్తొచ్చేది రైలుపెట్టె.

మోటారు కార్లలో తిరిగినవాళ్లు మొదట్లో దుప్పట్లు కప్పుకున్నారు, కాళ్లకింద నిప్పుకణికల పెట్టె పెట్టుకున్నారు. 1920ల చివర ఫోర్డ్ మోడల్ ఏ కారుకు బిగించుకున్న హీటర్లలో, ఇంజిన్ పొగ బయటికిపోయే మానిఫోల్డ్‌కు రేకు తొడుగు ఉండేది. దానిలోంచి వచ్చిన వేడిగాలి కాళ్లకు తగిలేది. మానిఫోల్డ్ ఎక్కడైనా చిట్లితే కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలికే. వాసన లేని విషం.

ఆ తరవాత ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లనే కారులోపలి చిన్న రేడియేటరులోకి మళ్లించారు. మెకానిక్కులు హీటర్ కోర్ అనేది దాన్నే. విషం భయం తప్పింది కానీ, ఆ హీటర్లు చాలామటుకు లోపలి గాలినే తిప్పితిప్పి వేడిచేసేవి. నలుగురు వదిలే ఊపిరి ఎక్కడికి పోతుంది? అన్నం గిన్నె మూతకింద నీళ్లు పేరుకున్నట్టు చల్లటి అద్దాన్ని పట్టుకుంటుంది.

1937లో నాష్ మోటార్స్ కెల్వినేటర్‌తో కలిసింది. అవును, ఫ్రిజ్‌ల కెల్వినేటరే. 1938 మోడల్ నాష్ కారులో బయటిగాలిని అద్దం ముందు నుంచి లాగి, వడగట్టి, హీటర్ కోర్ మీదుగా లోపలికి పంపారు. మరుసటి మోడల్‌లో థర్మోస్టాట్ చేరింది. 'వెదర్ ఐ' అన్న పేరుతో ఈ ఏర్పాటు ప్రసిద్ధమైంది. గడ్డకట్టే చలిలో గాలికి తేమ మోసే ఓపిక ఉండదు. ఆ గాలినే వేడిచేస్తే పొడిబట్టలా తేమను పీల్చుకుంటుంది. పైగా కారులోపల ఒత్తిడి కాస్త పెరిగి, తలుపు సందుల్లోంచి చలి దూరదు. వేడి ఎంతన్నది కాదు, ఏ గాలిని వేడిచేయాలన్నదే వాళ్లు పట్టుకున్న కిటుకు.

ఇంజిన్ నీళ్లతో నడిచే హీటర్లది నేటికీ దాదాపు ఆ పద్ధతే. రోగాలూ వాటికి తగ్గట్టే. ఎంతదూరం నడిపినా టెంపరేచర్ ముల్లు పైకి లేవకపోతే, ఇంజిన్ థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. ముల్లు సరిగ్గానే ఉండి చల్లగాలి వస్తుంటే ముందు కూలెంట్ మట్టం చూడాలి, అదీ ఇంజిన్ చల్లారాకే. మట్టం సరిగ్గా ఉంటే, కోర్‌కు వెళ్లే రెండు గొట్టాల్లో ఒకటి కాలిపోతూ రెండోది చల్లగా ఉందా? లోపల పూడుకుపోయి ఉండొచ్చు, గాలి పట్టేసి ఉండొచ్చు. ఫ్యాను ఆఖరి స్పీడులో మాత్రమే తిరిగితే చాలా కార్లలో దోషి రెసిస్టర్, చవక బేరం.

అన్నింటికన్నా చెడ్డది కోర్ కారడం. కారులో తియ్యటి వాసన, కాళ్లకింద తడి, అద్దం మీద వేలితో రాస్తే నూనెలా జారే పొర. నేను మా తమ్ముడి అద్దం మీద వేలు రాశాను. ఉత్త నీళ్లే.

అప్పుడు కనిపించింది, డ్యాష్‌బోర్డు మీద వెలుగుతున్న చిన్న లైటు: బయటిగాలి రాకుండా మూసే బటన్. హైదరాబాద్‌లో పన్నెండేళ్లు లారీ పొగల వెనక నడిపినవాడు, కారెక్కగానే వాడి వేలు దానిమీదికి పోతుంది. నొక్కి ఆర్పేశాను. గాలిని అద్దంవైపు తిప్పి ఏసీ కూడా వేశాను.

"ఇంత చలిలో ఏసీ ఏంట్రా బాబూ!" అని వెనక సీట్లోంచి అమ్మ.

అది గాలిలో తడి పిండేస్తుందని చెప్పేలోపే అద్దం అడుగంచున చారెడంత తేటపడింది. ముందున్న మంచు లారీ పసుప్పచ్చ దీపం కనబడింది.