ఎముక లెక్క వేరు, పాయింట్ల లెక్క వేరు

2020 జులై 23, గురువారం. స్పెయిన్‌లోని హెరెజ్ రేసు ట్రాక్. వైద్య పరీక్షకు వచ్చిన ఇరవై ఏడేళ్ల కుర్రాడు డాక్టర్ల ఎదుట నేల మీద చేతులు ఆన్చి దండీలు తీశాడు. అతని కుడి జబ్బలో పన్నెండు స్క్రూలతో బిగించిన టైటానియం ప్లేటు ఉంది. అది లోపలికి వెళ్లి రెండు రోజులే అయింది. దండీలు తీయగలిగాడు కాబట్టి బండి తోలగలడని తేల్చారు. పేరు మార్క్ మార్కెజ్. అప్పటికే ఎనిమిది ప్రపంచ టైటిళ్లు గెలిచినవాడు, అందులో ఆరు మోటోజీపీ అనే అతి పెద్ద తరగతిలోవి.

మన దగ్గర బండి మీంచి పడి చెయ్యి విరిగితే ముందు వినిపించే మాట ‘ఆరు వారాలు కదపకూడదు’. ఆసుపత్రిలో వేసే పిండికట్టు అయినా, తిరుపతి దగ్గరి పుత్తూరులో ఆకు పసరు రాసి వెదురు బద్దలు పెట్టి కట్టే కట్టు అయినా షరతు ఒక్కటే. నాలుగో వారానికే మెడలోంచి చేతిని తీసేసి, ఒంటి చేత్తో స్కూటీ మీద పాల ప్యాకెట్లకు వెళ్లేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఇంట్లోవాళ్లు తిడతారు, డాక్టరు కసురుతాడు. అదే పని రేసు ట్రాక్ మీద గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో చేస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈ చప్పట్ల ఆచారం నిన్న మొన్న పుట్టింది కాదు.

1925లో ఇటలీలోని మోంజాలో తాజియో నువొలారి ఆల్ఫా రోమియో రేసు కారును పరీక్షిస్తూ ప్రమాదంలో పడ్డాడు. వారం తిరక్కుండానే అక్కడే జరిగిన మోటారు సైకిల్ రేసులో బియాంకీ బండి మీద పాల్గొని గెలిచాడు. బండి మీద కూర్చునే భంగిమలోనే ఒంటికి కట్లు కట్టించుకున్నాడనీ, మనుషులు ఎత్తి సీటు మీద పెట్టారనీ చెప్పుకుంటారు. నోటి నుంచి నోటికి కథ కాస్త పెరిగే ఉంటుంది. గెలిచిన మాట మాత్రం నిజం.

యాభై ఏళ్ల తర్వాత బ్యారీ షీన్ వంతు వచ్చింది. లండన్ కుర్రాడు, మాటకారి, సిగరెట్ పెట్టుకోవడానికి హెల్మెట్ గడ్డం దగ్గర రంధ్రం చేయించుకున్న ఘనుడు. 1975 మార్చిలో అమెరికాలోని డేటోనాలో సుమారు 280 కిలోమీటర్ల వేగంలో వెనక చక్రం పట్టేసి కింద పడ్డాడు. తొడ ఎముక, చేయి, కాలర్ బోన్, పక్కటెముకలు విరిగాయి. అతని మీద సినిమా తీయడానికి వచ్చిన టీవీ బృందం అక్కడే ఉంది. అందుకని ఇంగ్లండ్ మొత్తం ఆసుపత్రి మంచం మీద షీన్ వేసే జోకులు విన్నది. ఏడు వారాలకు అతను మళ్లీ రేసులో ఉన్నాడు. అదే ఏడాది జూన్‌లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో 500 సీసీ తరగతిలో తొలి గ్రాండ్ ప్రి గెలిచాడు. 1976, 1977ల్లో ప్రపంచ చాంపియన్. ఎక్స్‌రే ఫిలిం ఒక రైడర్‌కు పేరు తెచ్చిపెట్టే సరుకుగా మారింది షీన్‌తోనే. రేసులు మానేశాక ఇంగ్లండ్ చలికి పాత విరుగుళ్లు సలపడంతో ఆస్ట్రేలియాకు మకాం మార్చాడు. ఈ సంగతి మాత్రం పోస్టర్ల మీదికి ఎక్కలేదు.

షీన్ తరం అంత త్వరగా లేచి నిలబడడానికి ధైర్యం ఒక్కటే చాలలేదు. దాని వెనక స్విట్జర్లాండ్ సర్జన్ల పని ఉంది. అంతకు ముందు విరిగిన ఎముకకు నెలల తరబడి పిండికట్టు తప్ప మార్గం తక్కువ. కట్టు విప్పేసరికి ఎముక అతికేది కానీ కీళ్లు బిగుసుకుపోయేవి, కండ కరిగిపోయేది. జబ్బు కన్నా మందు పెట్టే బాధ ఎక్కువన్నమాట. బ్రస్సెల్స్ సర్జన్ రాబర్ట్ డానిస్ విరిగిన రెండు కొసలనూ లోహపు ప్లేటుతో గట్టిగా అదిమి పట్టి ఉంచితే కట్టు లేకుండానే ఎముక అతుకుతుందని 1949లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. ఆయన దగ్గర ఆ పని చూసి వచ్చిన మారిస్ ముల్లర్, తోటి స్విస్ సర్జన్లతో కలిసి 1958 నవంబరులో బీల్ పట్టణంలో ఒక సంఘం పెట్టాడు. ప్లేట్లు, స్క్రూలు, వాటిని బిగించే పనిముట్లు అన్నిటికీ ఒక కొలత, ఒక పద్ధతి ఏర్పరచింది ఆ సంఘమే. ఇవాళ హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ‘రాడ్డు వేశారు, ప్లేటు వేశారు’ అంటున్నామంటే దాని మూలాలు అక్కడివే.

అయితే వాళ్లు ప్లేటు వేసింది చేయి కదలడానికి. బరువు మోయడానికి కాదు. మోచెయ్యి ముడవాలి, వేళ్లు ఆడాలి, భుజం బిగుసుకోకూడదు, అంతే. ఎముక అతికే లోపు ఆ లోహం ఒక ఊతం మాత్రమే. విరిగిన చోట ముందు నెత్తురు గడ్డ కడుతుంది, తర్వాత మెత్తటి కణజాలం అల్లుకుంటుంది, అది వారాల మీద గట్టిపడి ఎముకవుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎన్నోసారికో పుటుక్కున తెగుతుంది కదా. ఎముక అతకడం ముందా, ప్లేటు అలసి విరగడం ముందా అనే పందెం లోపల నడుస్తూనే ఉంటుంది. రేసు లోకం ఈ రెండో సగాన్ని వినిపించుకోలేదు.

వినిపించుకోకుండా చేసిన వాటిలో మంచితనానిదీ ఒక పాత్ర. ఇటలీలోని ఇమోలాలో రేసులు నడిపించిన కెక్కో కోస్టా కొడుకు క్లాడియో కోస్టా డాక్టరయ్యాడు. 1972లో తండ్రి పెట్టిన ఇమోలా 200 రేసుకు ట్రాక్ వెంబడి డాక్టర్లను నిలబెట్టాడు. ఆ రోజుల్లో అది కొత్త. పడ్డవాణ్ని స్ట్రెచర్ మీద పడేసి, దొరికిన వాహనంలో దగ్గరి ఊరి ఆసుపత్రికి తోలడమే చాలా చోట్ల పద్ధతి. 1977లో కోస్టా చక్రాల మీద నడిచే ఆసుపత్రిని, క్లినికా మొబైల్‌ను, తయారు చేసుకుని ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌రింగ్‌కు తెచ్చాడు. ఆ మొదటి రేసు రోజునే 350 సీసీ పోటీలో ఘోర ప్రమాదం జరిగి స్విస్ రైడర్ హాన్స్ స్టాడెల్‌మాన్ చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు. బండి అవసరం ఏమిటో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేకపోయింది.

కోస్టా ప్రాణాలు నిలబెట్టాడు, అందులో సందేహం లేదు. 1992లో అసెన్‌లో కాలు విరిగిన మిక్ డూహన్‌కు నెత్తురు ప్రసారం ఆగి కాలు తీసేయాల్సి వస్తుందన్న స్థితిలో, అతన్ని విమానంలో ఇటలీకి తెచ్చి రెండు కాళ్లూ కలిపి కుట్టేశాడు. మంచి కాలి నెత్తురు చెడ్డ కాలిని బతికించింది. డూహన్ ఆ సీజన్‌లోనే వచ్చి చివరి రెండు రేసులూ తోలాడు. టైటిల్ మాత్రం వేన్ రెయినీకి 4 పాయింట్ల తేడాతో పోయింది. కుడి పాదం వెనక బ్రేకు తొక్కలేకపోతే ఆ పనిని ఎడమ చేతి బొటనవేలికి అప్పగించారు. హ్యాండిల్ దగ్గర చిన్న మీట పెట్టారు. డూహన్ 1994 నుంచి 1998 దాకా వరసగా ఐదుసార్లు చాంపియన్ అయ్యాడు. కాలు బాగున్న రైడర్లు కూడా తర్వాతి కాలంలో ఆ మీటను అడిగి పెట్టించుకున్నారు.

ఇలాంటి కథల వల్లే కోస్టా బండికి ఇంకో పేరూ వచ్చింది. ‘శుక్రవారం విరిగినా ఆదివారానికి నిలబెడతాడు’ అన్న పేరు.

ఇక చేతి సంగతికి వస్తే, కాలికి బదులు బొటనవేలు పనిచేసింది గానీ చేతికి బదులు పనిచేసేది ఏదీ లేదు. కుడి అరచేతిలో యాక్సిలరేటర్, అదే చేతి రెండు వేళ్ల కింద ముందు బ్రేకు. మోటోజీపీ బండి కనీస బరువు 157 కిలోలు. మూడు వందలు దాటిన వేగంలోంచి మలుపు ముందు ఒక్కసారిగా బ్రేకు వేస్తే మనిషి ఒంటి బరువుకు మించిన ఒత్తిడి హ్యాండిల్ మీదికి దూకుతుంది. మణికట్టు, మోచేయి, జబ్బ, కాలర్ బోన్ ఒక్కటిగా దాన్ని అడ్డుకోవాలి. ఒక రేసులో ఇది కొన్ని వందల సార్లు జరుగుతుంది. ఎముక విరక్కుండానే చేతులు మొరాయించిన కథలూ ఉన్నాయి. 1985లో 250, 500 సీసీ టైటిళ్లు రెండూ గెలిచిన ఫ్రెడ్డీ స్పెన్సర్, మరుసటి ఏడు హరామాలో తొలి రేసులోనే ముందంజలో ఉండి చేతి నొప్పితో బండి పక్కకు ఆపేశాడు. మళ్లీ గ్రాండ్ ప్రి గెలవలేదు. ముంజేతి కండ పొంగి, దాని చుట్టూ ఉండే పొర బిగుసుకుని వేళ్లు మొద్దుబారే బాధతో 2015లో డానీ పెద్రోసా ఆపరేషన్ చేయించుకుని మూడు రేసులు వదులుకున్నాడు.

కాలర్ బోన్ అయితే మరీ చులకనైపోయింది. 2011లో కాలిన్ ఎడ్వర్డ్స్ ఆ ఎముకకు ప్లేటు వేయించుకుని, వారం తిరగ్గానే సిల్వర్‌స్టోన్ వానలో మూడో స్థానం తెచ్చుకున్నాడు. ఆ రికార్డును 2013 జూన్‌లో హోర్హె లొరెంజో అసెన్‌లో మించిపోయాడు. గురువారం వానలో పడి ఎడమ కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. రాత్రికి రాత్రే బార్సిలోనాకు విమానం. శుక్రవారం తెల్లవారుజామున ఆపరేషన్. సాయంత్రానికి తిరిగి అసెన్‌లో. శనివారం మధ్యాహ్నం రేసు, ఐదో స్థానం, 11 పాయింట్లు. దిగాక హెల్మెట్‌లో ఏడ్చాడు. చూసినవాళ్లూ ఏడ్చారు. రెండు వారాలకు జర్మనీలో మళ్లీ పడితే ప్లేటు వంగింది, మళ్లీ ఆపరేషన్, ఆ రేసు పోయింది. సీజన్ ముగిసేసరికి టైటిల్ ఎంతలో తప్పిందంటే, సరిగ్గా 4 పాయింట్లలో. గెలిచింది ఇరవై ఏళ్ల కొత్త కుర్రాడు. మార్క్ మార్కెజ్.

ఆ లెక్క చూశాక ఏ రైడర్ మటుకు ఇంట్లో కూర్చుంటాడు? ఒక రేసు మానేస్తే 25 పాయింట్లు పోయినట్టే. ఎముకకు ఆరు వారాలు, క్యాలెండర్‌కు ఆరు రోజులు.

2020 జులై 19న హెరెజ్‌లో జరిగింది కరోనాతో ఆలస్యమైన సీజన్ తొలి మోటోజీపీ రేసు. మార్కెజ్ మొదట్లోనే ట్రాక్ దాటి వెనకబడి, పదహారో స్థానం నుంచి మూడుకు వచ్చాడు. కొద్ది ల్యాపులే మిగిలాయి. అక్కడితో తృప్తి పడి ఉంటే ఈ కథే లేదు. మూడో మలుపు దగ్గర గాల్లోకి లేచి పడ్డాడు, బండి చక్రం చేతికి తగిలింది. జబ్బ ఎముకను చుట్టుకుని వెళ్లే నరం ఒకటుంది. అది తెగితే మణికట్టు వేలాడిపోతుంది. అది బతికిపోయింది. మంగళవారం ప్లేటు, గురువారం దండీలు, శనివారం బండి. ఎక్కాడు, కొన్ని ల్యాపులు వేశాడు, చేతిలో బలం జారిపోతుంటే దిగిపోయాడు. ఆదివారం రేసు తోలలేదు.

ప్లేటు విరిగింది ఇంట్లో. పెద్ద అద్దాల తలుపు జరుపుతుంటే. మొదటి ఆపరేషన్‌కు పదమూడు రోజుల తర్వాత, ఆగస్టు 3న, రెండోది చేశారు. తప్పు ఆ తలుపుది కాదని అందరికీ తెలుసు. ట్రాక్ మీద అలసిన లోహం తలుపు దగ్గర లొంగింది, అంతే. డిసెంబరు నాటికీ ఎముక అతకలేదు. మాడ్రిడ్‌లో ఎనిమిది గంటల మూడో ఆపరేషన్‌లో ప్లేటు తీసి, తుంటి ఎముక ముక్క తెచ్చి అతికించారు. లోపల ఇన్‌ఫెక్షన్ కూడా ఉందని అప్పుడు బయటపడింది. వారంలో ముగించాలనుకున్నది తొమ్మిది నెలలైంది. 2021 ఏప్రిల్‌లో పోర్చుగల్‌లో తిరిగి ట్రాక్ ఎక్కి ఏడో స్థానంలో వచ్చాడు.

ఆ జూన్‌లో జర్మనీలోని సాక్సెన్‌రింగ్‌లో గెలిచాడు, 581 రోజుల తర్వాత. పేపర్లు అద్భుతమన్నాయి. ట్రాక్ పటం చూస్తే కిటుకు కనిపిస్తుంది. అక్కడ పదమూడు మలుపుల్లో పది ఎడమవైపువే. దెబ్బ తిన్న కుడి చేతికి పని తక్కువ. 2010 నుంచి అప్పటిదాకా తను పాల్గొన్న ప్రతి ఏడూ ఓడని ట్రాక్ కూడా అది. కుడి మలుపులు ఎక్కువున్న చోట్ల కథ వేరుగా ఉండేది. మోచేయి బయటికి పెట్టి బండిని వాల్చడం కుదిరేది కాదు. స్కాన్ తీస్తే కారణం తెలిసింది. ఎముక అతికింది నిజమే, కానీ సుమారు ముప్పై డిగ్రీలు మెలి తిరిగి అతికింది. 2022 జూన్‌లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో అతికిన ఎముకను మళ్లీ కోసి, తిప్పి, కొత్తగా బిగించారు. నాలుగోసారి. హెరెజ్‌లో తొందరపడి రావడం తాను చేసిన పెద్ద పొరపాటని తర్వాత అతనే ఒప్పుకున్నాడు.

2023 సెప్టెంబరులో మోటోజీపీ మొదటిసారి మన దేశానికి, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ట్రాక్‌కు వచ్చినప్పుడు, శనివారం జరిగిన పొట్టి రేసులో మార్కెజ్ మూడో స్థానం సంపాదించాడు. ఆ చేయి మళ్లీ పని చేస్తోందా లేదా అని అప్పటికీ జనం వాదులాడుకుంటున్నారు. ఆ ఏడాది ముగిశాక హోండాను వదిలి డుకాటీ బండి ఎక్కాడు. 2024 సెప్టెంబరు 1న అరగాన్‌లో 1043 రోజుల తర్వాత రేసు గెలిచాడు. 2025 సెప్టెంబరు 28న జపాన్‌లోని మొటెగిలో టైటిల్ ఖాయమైంది, ఆరేళ్ల తర్వాత.

వారం తిరిగింది. ఇండోనేషియాలోని మండలికలో తొలి ల్యాపులోనే వెనక నుంచి మరో బండి తగిలి కంకర మీద దొర్లాడు. మళ్లీ కుడి భుజమే. ఎముక విరిగింది, లిగమెంట్ దెబ్బతిన్నది. కట్టు కట్టి చూశారు, చాలదని తేలాక మాడ్రిడ్‌లో ఆపరేషన్ చేశారు. సీజన్‌లో ఇంకా నాలుగు రేసులు మిగిలి ఉన్నాయి. ఈసారి దండీలు తీయలేదు. నాలుగింటికీ రానని కబురు పంపి, చేతిని మెడకు కట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు.

టైటిల్ అప్పటికే చేతిలో ఉందనుకోండి.