పచ్చబొట్టు నుంచి ప్రైవేట్ లేబుల్ దాకా: పసుపు, చర్మ సంరక్షణ, చట్టం – ఒక చారిత్రక పరిశీలన

1. లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరువాత మీరు
– పచ్చబొట్టు వేసిన చర్మాన్ని కాపాడుకునే సంప్రదాయ పద్ధతులను వివరించగలుగుతారు.
– ఇంటి మందు పేరున్న సరుకుగా మారిన క్రమాన్ని తెలుగువారి ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
– సౌందర్య సాధనానికీ ఔషధానికీ మధ్య చట్టం గీసిన గీతను గుర్తించగలుగుతారు.
– మరొకరి ఫ్యాక్టరీలో తయారు చేయించి సొంత పేరుతో అమ్మే పద్ధతిలోని బాధ్యతలను విశ్లేషించగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

జగిత్యాల జిల్లాలోని ఇబ్రహీంపట్నం మండలం పసుపు పండే ప్రాంతం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది కరీంనగర్ జిల్లాలో భాగం. మెట్‌పల్లి, కోరుట్ల, మల్లాపూర్ మండలాల్లో కూడా వానాకాలం మొదట్లో పసుపు విత్తుతారు. ఎనిమిది, తొమ్మిది నెలల తరువాత తవ్వుతారు. తవ్విన పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పట్టించి, కొమ్ములను, మండలను వేరు చేసి మార్కెట్‌కు తీసుకుపోతారు. అదే పసుపు ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో క్రీముగా మారి, చిన్న ట్యూబులో తిరిగి మన అంగడికి వస్తుంది. ట్యూబు మీద ఉండే పేరు రైతుది కాదు. చాలాసార్లు దాన్ని తయారు చేసిన ఫ్యాక్టరీది కూడా కాదు.

ఈ రెండు చివరల మధ్య ఏం జరిగింది? పచ్చబొట్టు వేయించుకున్న తరువాత రాసుకునే లేపనాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం. ఈ ఉదాహరణను ఎంచుకోవడానికి కారణం ఉంది. పచ్చబొట్టు ఒక అలంకారం. వేసిన తొలి రోజుల్లో అది ఒక గాయం కూడా. ఈ యూనిట్‌లో మీరు చూడబోయే వివాదాలన్నీ ఈ రెండు స్వభావాల నుంచే పుట్టాయి.

3. పచ్చబొట్టు వేసే చేతులు

తెలుగు పల్లెల్లో పచ్చబొట్లు వేసే పనిలో ఎరుకల స్త్రీలకు ప్రత్యేక స్థానం ఉండేది. బుట్టలు అల్లడం, సోది చెప్పడంతో పాటు ఇదీ వారి జీవనాధారం. చేతి మీద, గడ్డం మీద, నుదుటి మీద చుక్కలు, తేళ్ళు, ముగ్గులు, పేర్లు పొడిచేవారు. సొమ్ములన్నీ ఇక్కడే ఉండిపోతాయి, పచ్చబొట్టు ఒక్కటే మనిషి వెంట వస్తుంది అనే నమ్మకం పల్లెల్లో బలంగా ఉండేది. గోదావరికి అవతల, పాత ఆదిలాబాద్ జిల్లాలోని గోండు స్త్రీలలోనూ పచ్చబొట్టుకు గౌరవ స్థానం ఉంది.

ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథంలో కొరవ స్త్రీలు పచ్చబొట్టు వేసే విధానాన్ని నమోదు చేశాడు. ఎరుకలవారు ఈ సమూహానికి చెందినవారే. పసుపును, అవిసె ఆకును కలిపి నూరి, గుడ్డకు పట్టించి వత్తిగా చుట్టేవారు. ఆముదపు దీపంలో దాన్ని వెలిగించి, పైన కొత్త కుండ బోర్లించి, కుండకు పట్టిన మసిని గీకి తీసేవారు. ఆ మసిని నీళ్ళతోనో, చనుబాలతోనో కలిపితే సిరా తయారయ్యేది. పొడవడం అయ్యాక పసుపు రుద్దేవారు. రంగు తేలడానికి, వాపు రాకుండా ఉండడానికి అలా చేసేవారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, సిరాలోనూ, పైపూతలోనూ పసుపు ఉంది. రెండోది మరీ ముఖ్యం. తెలివి, తయారీ, పేరు అనే మూడూ ఒకే మనిషి దగ్గర ఉన్నాయి. లేపనం ఎలా చేయాలో తెలిసింది ఆమెకే, చేసింది ఆమే. చేయి వాచి చీము పడితే ఊరు అడిగేది కూడా ఆమెనే. బాధ్యత ఎవరిదో వెతుక్కోవలసిన అవసరం ఉండేది కాదు.

అయితే ఈ పద్ధతిని గుడ్డిగా మెచ్చుకోవడం చరిత్ర విద్యార్థి పని కాదు. ఒకే సూది పలువురికి వాడితే రక్తం ద్వారా జబ్బులు సోకుతాయని ఆనాటి వారికి తెలియదు. వంటింటి పసుపులో సూక్ష్మజీవులు ఉండవచ్చు. కొందరి చర్మానికి అది పడదు. అంగట్లో దొరికే పొడిలో రంగు కోసం సీసపు లవణం కలిపే కల్తీ కూడా ఉంది. అందుచేత పచ్చి గాయం మీద వంటింటి పసుపు చల్లడం ఈనాడు మంచి సలహా కాదు.

1891లో న్యూయార్క్‌కు చెందిన శామ్యూల్ ఓరైలీ విద్యుత్తుతో నడిచే పచ్చబొట్టు యంత్రానికి పేటెంట్ పొందాడు. ఎడిసన్ కనిపెట్టిన విద్యుత్ కలమే దానికి ఆధారం. సూది వేగం పెరిగింది, బొమ్మలు పెద్దవయ్యాయి. వాటితో పాటు గాయం విస్తీర్ణం కూడా పెరిగింది. నగరాల్లో టాటూ దుకాణాలు వెలిశాక, పని ముగియగానే కస్టమర్ ఇంటికి వెళ్ళిపోతాడు. ఆ తరువాత రెండు నుంచి నాలుగు వారాలు చర్మాన్ని చూసుకోవలసింది అతనే. పైపూత విడి సరుకుగా మారడానికి చోటు ఏర్పడింది ఇక్కడే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
సంప్రదాయ పచ్చబొట్టు పనిలో తెలివి, తయారీ, బాధ్యత ఒకే చోట ఉండేవని ఎలా చెప్పగలం? ఐదు వాక్యాలలో రాయండి.

4. మందుకు పేరు రావడం

ఇంటి మందు సీసాలోకి ఎక్కి, సీసాకు పేరు రావడం పందొమ్మిదో శతాబ్దపు చివరి దశలో కనిపిస్తుంది. తెలుగువారికి దీనికి చక్కని ఉదాహరణ అమృతాంజనం. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ఈ లేపనాన్ని ప్రారంభించారు. సంగీత కచేరీలలో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. ఆ వ్యాపారపు రాబడి ఆంధ్రపత్రికకు అండగా నిలిచింది. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. ఒక తలనొప్పి మందు ఒక భాషా సమాజపు పత్రికను పోషించిందన్న మాట. హైదరాబాద్‌లో 1920లో మొదలైన జిందా తిలిస్మాత్ యునానీ సంప్రదాయం నుంచి వచ్చిన మరో ఉదాహరణ.

ఈ దశలో తయారీ, పేరు ఒకే యజమాని చేతిలో ఉన్నాయి. కొనేవాడికి తయారుచేసిన మనిషి ముఖం తెలియదు, పేరు మాత్రం తెలుసు. నమ్మకం మనిషి నుంచి పేరుకు మారింది. పేరు ఎంత విలువైనదైతే నకిలీ కూడా అంత లాభసాటి అవుతుంది. కాబట్టి చట్టం రావలసి వచ్చింది.

5. చట్టం గీసిన గీత

బ్రిటిష్ ప్రభుత్వం 1940లో ఔషధాల చట్టాన్ని, 1945లో దాని నియమావళిని తెచ్చింది. మొదట్లో అందులో సౌందర్య సాధనాల ప్రస్తావన లేదు. 1962 సవరణతో అవి చేరాయి. ఆ సవరణ 1964 నుంచి అమలులోకి రావడంతో ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం అనే పేరు స్థిరపడింది. 2020 డిసెంబరులో సౌందర్య సాధనాలకు ప్రత్యేక నియమావళి వెలువడింది.

చట్టం దృష్టిలో శుభ్రపరచడానికి, అందం పెంచడానికి, రూపాన్ని మార్చడానికి ఒంటికి రాసుకునేది సౌందర్య సాధనం. రోగాన్ని నయం చేయడానికి, తగ్గించడానికి, నివారించడానికి వాడేది ఔషధం. గీత స్పష్టంగానే ఉన్నట్లుంది. కానీ పచ్చబొట్టు పైపూత సరిగ్గా ఆ గీత మీదే నిలబడుతుంది. ‘చర్మాన్ని తేమగా, మెత్తగా ఉంచుతుంది’ అని రాస్తే అది సౌందర్య సాధనం. అదే డబ్బా మీద ‘గాయాన్ని మాన్పుతుంది, చీము పట్టకుండా ఆపుతుంది’ అని రాస్తే ఔషధం కిందికి వెళుతుంది. అప్పుడు లైసెన్సు వేరు, పరీక్షలు వేరు. ఆయుర్వేద ఔషధంగా అమ్మదలిస్తే దానికి మరో లైసెన్సు కావాలి. లోపలి క్రీము మారకపోయినా, పైన రాసిన వాక్యం దాని జాతకాన్ని మార్చేస్తుంది.

ఇది ఊహ కాదు. 1952లో స్థాపితమైన వికో సంస్థ పసుపు క్రీము విషయంలో ఎక్సైజ్ శాఖతో ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిపింది. అది సౌందర్య సాధనమా, ఆయుర్వేద ఔషధమా అన్నదే ప్రశ్న. పన్ను రేటు ఆ జవాబు మీద ఆధారపడి ఉంది. చివరకు సుప్రీంకోర్టు సంస్థ వాదననే అంగీకరించింది.

6. గాయం మీద పేటెంట్

ఇంతవరకు తయారీ గురించి, పేరు గురించి మాట్లాడుకున్నాం. ఇక తెలివి సంగతి చూద్దాం. 1995 మార్చిలో అమెరికా పేటెంట్ కార్యాలయం మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఒక పేటెంట్ ఇచ్చింది. దాని సంఖ్య 5,401,504. గాయాలు మానడానికి పసుపును వాడడం అందులోని విషయం. ఎరుకల స్త్రీ పచ్చబొట్టు మీద పసుపు రుద్దినప్పుడు చేసినది ఇదే కోవకు చెందిన పని.

1996లో భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి ఆ పేటెంట్‌ను సవాలు చేసింది. అప్పుడు మండలి డైరెక్టర్ జనరల్ ఆర్.ఎ. మషేల్కర్. మా అమ్మమ్మ వాడేది అని చెబితే పేటెంట్ కార్యాలయం ఒప్పుకోదు, రాతలో ఉన్న ఆధారం కావాలి. మండలి సంస్కృత, హిందీ, ఉర్దూ గ్రంథాలతో సహా 32 ఆధారాలను సమర్పించింది. 1953లో భారత వైద్య సంఘపు పత్రికలో వచ్చిన వ్యాసం కూడా వాటిలో ఉంది. 1997లో అమెరికా కార్యాలయం ఆ పేటెంట్ హక్కులను తిరస్కరించింది. 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పని మొదలుకావడానికి ఈ అనుభవం ప్రేరణ అయింది.

ఈ గెలుపును సరిగా అర్థం చేసుకోవాలి. పసుపు తెలివి భారతదేశపు ఆస్తి అని తేలలేదు. అది ముందునుంచీ అందరికీ తెలిసినదే కాబట్టి ఎవరికీ సొంతం కాదని తేలింది. దోపిడీ ఆగింది, కానీ పసుపు రైతుకు ఒక్క రూపాయి అదనంగా రాలేదు. అందరిదీ అయిన తెలివి నుంచి ఆదాయం రావాలంటే తయారీలోనో, పేరులోనో భాగం ఉండాలి.

రైతులకు ఈ లెక్క తెలియనిది కాదు. ఇబ్రహీంపట్నం మండలం కోరుట్ల శాసనసభ నియోజకవర్గంలో, నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఉంది. 2019 ఎన్నికల్లో ఆ స్థానానికి 185 మంది పోటీచేశారు. వారిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. మద్దతు ధర, పసుపు బోర్డు వారి కోరికలు. 2023 అక్టోబరులో కేంద్రం జాతీయ పసుపు బోర్డును ప్రకటించింది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా అది ప్రారంభమైంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
పేటెంట్ రద్దు కావడం వల్ల పసుపు రైతుకు నేరుగా ఆదాయం ఎందుకు పెరగలేదు?

7. మీ పేరు, మరొకరి ఫ్యాక్టరీ

ఇప్పుడు మీరే ఇబ్రహీంపట్నంలో ఒక మహిళా సంఘం తరఫున పచ్చబొట్టు పైపూతలను తేవాలని తలపెట్టారనుకోండి. ఒక మృదువైన సబ్బు, సువాసన లేని ఒక క్రీము, చర్మం మానిన తరువాత వాడే ఎండ రక్షణ లేపనం మీ ఆలోచనలో ఉన్నాయి. ఫ్యాక్టరీ కట్టే స్తోమత లేదు. కాబట్టి లైసెన్సు ఉన్న తయారీదారు దగ్గరికి వెళతారు. దీనినే ప్రైవేట్ లేబుల్ పద్ధతి అంటారు. ఎరుకల స్త్రీ దగ్గర ఒకటిగా ఉన్న తెలివి, తయారీ, పేరు ఇక్కడ మూడు చేతుల్లోకి విడిపోతాయి. ఈ యూనిట్‌లో చదివిన చరిత్ర మీరు అడగవలసిన ప్రశ్నలను చెబుతుంది.

మొదటి ప్రశ్న లైసెన్సు గురించి. 2020 నియమావళి ప్రకారం తయారీదారుకు రాష్ట్ర అధికారి ఇచ్చే లైసెన్సు ఉండాలి. మరొకరి ఫ్యాక్టరీని వాడుకొని మీరే తయారీదారు హోదా పొందాలంటే లోన్ లైసెన్సు తీసుకోవచ్చు. అలా కాకుండా అమ్మకందారుగా మాత్రమే ఉంటే లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య విధిగా కనిపిస్తాయి. రెండింటిలో ఏది ఎంచుకున్నారో దాన్ని బట్టి బాధ్యత మారుతుంది.

రెండో ప్రశ్న ఫార్ములా గురించి. తయారీదారు దగ్గర సిద్ధంగా ఉన్న క్రీముకు మీ పేరు అంటించడం చౌక. కానీ అదే క్రీము రేపు మరో పేరుతో పక్క దుకాణంలో కనిపించవచ్చు. ప్రత్యేకంగా చేయించుకుంటే ఖర్చు ఎక్కువ. ఆ ఫార్ములా ఎవరిదో ఒప్పందంలో రాసుకోకపోతే అది మీది కాకుండా పోవచ్చు. మీ ఊరి పసుపునే వాడాలనుకుంటే ఆ మాట కూడా ఒప్పందంలో ఉండాలి. పసుపులోని కుర్కుమిన్‌ను 1815లోనే వేరుచేశారు. అది చర్మానికి, బట్టకు రంగు పట్టిస్తుంది. వెలుతురు తగిలితే చెడుతుంది. కాబట్టి వెలుతురు చొరని ట్యూబు, నిలవ ఉండే కాలానికి పరీక్ష, సూక్ష్మజీవుల పరీక్ష తప్పనిసరిగా అడగండి.

మూడో ప్రశ్న లేబుల్ మీది మాట గురించి. గాయం మాన్పుతుందని రాయకండి. 1999 ట్రేడ్ మార్కుల చట్టం కింద పేరు నమోదు చేసేటప్పుడు కూడా సౌందర్య సాధనాలది 3వ తరగతి, ఔషధాలది 5వ తరగతి. బ్యాచ్ సంఖ్య, వాడుక గడువు, పదార్థాల జాబితా లేబుల్ మీద ఉండాలి. 2011 ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు చిరునామా కూడా ఉండాలి. ఆనాడు ఊరు ఆ స్త్రీ గుడిసె దగ్గరికి వెళ్ళి అడిగేది. ఈనాడు కస్టమర్‌ను మీ గడప దాకా తెచ్చేది ఈ చిన్న అక్షరాలే.

నాలుగో ప్రశ్న సరుకు పరిమాణం గురించి. తయారీదారు ఒక బ్యాచ్‌కు కనీసం ఇన్ని అని చెబుతాడు. గడువు లోపల అమ్ముకోగలిగిన దానికంటే అది ఎక్కువైతే సంఘం సొమ్ము గోదాములో ఎండిపోతుంది. రెండు, మూడు ఉత్పత్తుల బదులు ఒక్క క్రీముతో మొదలుపెట్టడం మేలు.

8. సారాంశం

పచ్చబొట్టు పైపూత చరిత్రలో తెలివి, తయారీ, పేరు మొదట ఒకే చేతిలో ఉండి, క్రమంగా విడిపోయాయి. అమృతాంజనం కాలానికి పేరు బలపడింది. 1940 నుంచి 2020 దాకా వచ్చిన చట్టాలు తయారీకి, లేబుల్ మీది మాటకు హద్దులు పెట్టాయి. 1997 నాటి పసుపు పేటెంట్ తీర్పు తెలివిని అందరిదిగా నిలిపింది. ప్రైవేట్ లేబుల్ పద్ధతి పసుపు పండించే ప్రాంతానికి పేరులో భాగం పొందే దారి చూపుతుంది. అయితే పేరు మీదైనప్పుడు, పాడైన చర్మానికి జవాబు కూడా మీరే చెప్పాలి.

9. నమూనా పరీక్షా ప్రశ్నలు

1. సౌందర్య సాధనానికీ ఔషధానికీ మధ్య తేడాను పచ్చబొట్టు పైపూత ఉదాహరణతో చర్చించండి.
2. పసుపు పేటెంట్ వివాదాన్ని వివరించి, దాని ఫలితాలను అంచనా వేయండి.
3. మీ గ్రామంలోని పెద్దలను అడిగి, పచ్చబొట్టు వేసిన తరువాత వారు పాటించిన జాగ్రత్తలను ఒక పుటలో నమోదు చేయండి. వాటిలో ఏవి ఈనాడు పాటించదగినవో, ఏవి కావో కారణాలతో రాయండి.