ఈజిప్టులో హెపటైటిస్ సి: సూది నుంచి మాత్ర దాకా

ఈజిప్టులో హెపటైటిస్ సి వ్యాపించడానికి మూలం బిల్హార్జియా అనే మరో జబ్బు. నైలు కాలువల్లో దిగి పనిచేసే రైతులకు, ఈతకొట్టే పిల్లలకు ఆ జబ్బు తెచ్చే పురుగు చర్మం గుండా ఒంట్లోకి చేరేది. పల్లెల్లో మూత్రంలో నెత్తురు పడటం మామూలు సంగతి. దీన్ని వదిలించడానికి 1950ల నుంచి ప్రభుత్వం ఊరూరా వైద్యం చేయించింది. అప్పటి మందు టార్టార్ ఎమెటిక్ అనే యాంటిమొనీ లవణం. దాన్ని నరానికే ఎక్కించాలి, అదీ వారాల తరబడి. గాజు సిరంజీలు కొన్నే, వరసలో నిలబడ్డవాళ్లు వందలు. సరిగా మరగని సూదే ఒకరి తర్వాత ఒకరికి గుచ్చేవారు. 1980లలో మింగే మాత్ర ప్రాజిక్వాంటెల్ వచ్చి ఆ సూదులు ఆగేసరికే వైరస్ లక్షలాది ఒళ్లలోకి పాకిపోయింది. ఆ వైరస్‌ను 1989 దాకా ఎవరూ గుర్తించలేదన్నది నిజమే. కానీ సూదిని బాగా మరిగించాలన్నది అంతకుముందే తెలిసిన విషయం.

హెపటైటిస్ సి ఇరవై ముప్పై ఏళ్లు బయటపడకుండా ఉండగలదు. తర్వాత కాలేయం గట్టిపడి (సిరోసిస్) పొట్టలో నీరు చేరడం, నెత్తురు కక్కుకోవడం, క్యాన్సర్ రావడం జరుగుతాయి. 2008 సర్వేలో 15–59 ఏళ్లవారిలో దాదాపు 15 శాతం మందికి వైరస్ సోకిన గుర్తుగా యాంటీబాడీలు కనిపించాయి. అప్పట్లో ఉన్న చికిత్స ఇంటర్‌ఫెరాన్: 48 వారాల పాటు వారం వారం సూది, దాంతోపాటు రోజూ రిబావిరిన్ మాత్రలు. జ్వరం, నీరసం, మనోవ్యాకులత భరించి చివరిదాకా నిలిచినా నయమయ్యేది సుమారు సగం మందికే.

2013 డిసెంబరులో అమెరికాలో గిలియడ్ కంపెనీ కొత్త మాత్ర సోఫోస్బువిర్‌కు అనుమతి వచ్చింది. అప్పట్లో అక్కడ 12 వారాల మందు ధర 84,000 డాలర్లు. ఈజిప్టు బేరమాడి 2014లో దాన్ని 900 డాలర్లకు తెప్పించుకుంది. తర్వాత స్థానిక కంపెనీలే తయారుచేయడంతో ధర ఇంకా పడిపోయింది. గిలియడ్ అదే ఏడాది భారతీయ కంపెనీలకూ లైసెన్సులు ఇచ్చింది. హైదరాబాదుకు చెందిన హెటెరో వాటిలో ఒకటి.

ఈ వైరస్ మనిషి డీఎన్ఏలో కలిసిపోదు. అందుకే దాని పెరుగుదలను అడ్డుకుంటే పూర్తిగా పోతుంది. మందు ఆపిన 12 వారాలకూ నెత్తురులో వైరస్ లేకపోతే నయమైనట్టే. ఆ తర్వాత కాలేయంలోని మచ్చ కణజాలం చాలామందిలో నెమ్మదిగా తగ్గుతుంది, కాలేయ క్యాన్సర్ ముప్పు సుమారు 70 శాతం తగ్గుతుంది, ఇంకొకరికి అంటించే భయం ఉండదు. అయితే అప్పటికే సిరోసిస్ వచ్చినవారు ఆరు నెలలకోసారి స్కానింగ్ మానకూడదు. ఒకసారి నయమైనా మళ్లీ సోకకుండా రక్షణ ఏమీ ఉండదు, టీకా కూడా లేదు.

లక్షణాలు లేనివారిని వెతికి పట్టుకోనిదే ఇంత మంచి మందూ అక్కరకు రాదు. ఈజిప్టు చేసిన గొప్ప పని అదే. 2018 అక్టోబరు నుంచి ఏడు నెలల్లో దాదాపు 5 కోట్ల మంది పెద్దలకు వేలి నుంచి నెత్తురు బొట్టు తీసి పరీక్షించారు. యాంటీబాడీలు తేలిన సుమారు 22 లక్షల మందిని తదుపరి పరీక్షకు పంపి, వైరస్ ఉన్నవారికి ఉచితంగా మందు ఇచ్చారు. 2023 అక్టోబరులో, హెపటైటిస్ సి నిర్మూలన దిశగా సాగుతున్న దేశాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే ‘గోల్డ్ టియర్’ గుర్తింపు పొందిన తొలి దేశం ఈజిప్టే.